ఎవరి ఎడమ?

ఆ వానాకాలం మొదట్లో మా ఇంట్లో నా ఉద్యోగం తపాలా బట్వాడా. మామగారి మాట మా ఆయనకీ, మా ఆయన మాట మామగారికీ అందించాలి. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, ఒకే కూజాలో నీళ్ళు వంచుకుంటూ, నా మొహం చూసి మాట్లాడుకునేవాళ్ళు.

"అమ్మాయ్, ఫ్యాను తగ్గించమను."

"చలేస్తోందా అని అడుగు."

"చలి కాదు, పేపరు ఎగిరిపోతోందని చెప్పు."

మధ్యలో ఉన్నది రెండు మూరల బల్ల. మాట ఎలాగూ వినబడుతుంది. అయినా నా నోటి మీదుగా వస్తేనే అది విన్నట్టు లెక్క. పెళ్ళై వచ్చిన కొత్తలో ఈ పని మా అత్తగారు చేసేవారు. ఆవిడ పోయాక, ఎవరూ నియమించకుండానే, నాకు సంక్రమించింది.

నేను ఊరి నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తాను. గ్లాసులో తేటగా కనిపించే నీళ్ళలో ఏం కలిసిందో తేల్చడమే నా పని. అలాంటి దాన్ని, సొంత ఇంట్లో తండ్రీకొడుకులు ఎందుకు మాట్లాడుకోరో తెలియకుండా ఏళ్ళ తరబడి బతకడమంటే కడుపు ఉబ్బిపోదూ! అత్తగారిని అడిగితే "పెద్ద కథలే తల్లీ" అని తప్పించుకునేవారు. ఎదురింటావిడ స్థలం తగాదా అంది, మాకు స్థలమే లేదు. మా ఆయన అక్క, అంటే మా వదిన, "ఇద్దరికీ పంతం, అంతే" అంది. పంతం నాకూ కనబడుతూనే ఉంది. అది ఎక్కడ మొదలైందన్నదే నా ప్రశ్న.

మా ఆయనది కళ్ళద్దాల షాపు. చూపు పరీక్ష చేసి అద్దాలు బిగిస్తాడు. మామగారు జీవితమంతా ఒక డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పి, "విసుగొచ్చి" మానేశారు. విసుగొచ్చిందని ఆయనే అనేవారు. కానీ కారులో వెనకసీట్లో కూర్చున్నప్పుడు కూడా మలుపు దగ్గర ఆయన కుడిపాదం లేని బ్రేకుని నొక్కుతూనే ఉండేది. విసుగొచ్చినవాళ్ళు అలా చేస్తారా?

వింతలు ఇంకా ఉన్నాయి. మా ఆయన నెలనెలా ఒక చుక్కల సీసా తెచ్చి, "ఆయనకివ్వు" అనేవాడు. ఎందుకని అడిగితే "ముసలి కళ్ళు కదా, ఎండిపోతాయి" అని సగం జవాబు చెప్పేవాడు. మిగతా సగం ఎప్పుడూ బాకీయే. మామగారేమో పక్కనే ఉన్న గ్లాసు అందుకోవడానికి కూడా తల మొత్తం తిప్పి, దాన్ని తేరిపార చూసి మరీ చెయ్యి చాపేవారు. పాఠాలు చెప్పిన మనిషి కదా, ఆ దర్పం అలా ఉండిపోయిందనుకునేదాన్ని.

తొలి వానలు పడ్డ వారంలో వదిన ఫోన్ చేసింది. తమ కింది వాటా ఖాళీ అయిందట, మెట్లు ఎక్కే పని లేదట, నాన్నని వచ్చి ఉండమంది. మామగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"వస్తా తల్లీ. ఇక్కడ నాతో మాట్లాడేది ఒక్క కోడలు పిల్ల. దానికీ ఉద్యోగం ఉంది."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఈ ఇంట్లో నా ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా బదులు చెప్పే మనిషి ఆయనొక్కరే. క్లచ్ అంటే ఏమిటో రెండు పళ్ళాలు ఒకదానికొకటి ఆనించి చూపించిన మనిషి. ఆయన వెళ్ళిపోతే నాకు ఇల్లు బోసిపోతుంది. అంతకంటే పెద్ద భయం మరొకటి ఉంది. ఇప్పుడు ఎలాగోలా నా ద్వారా అయినా మాటలు నడుస్తున్నాయి. ఊరు మారితే ఆ కాస్తా ఆగిపోతుంది. ఆ తర్వాత ఆ తండ్రీకొడుకులని కలిపేవాళ్ళుండరు.

వంటింట్లో మా ఆయన్ని నిలేశాను.

"ఉండమని చెప్పండి."

"నువ్వు చెప్పు."

"నేను చెప్తే ఉండరు. మీరు చెప్తే ఉంటారు."

"ఆయన ఇష్టం," అని గ్లాసు కడిగిందే మళ్ళీ కడిగాడు. వెళ్ళమనే మనిషి గ్లాసు అన్నిసార్లు కడగడు, అది నాకు తెలుసు.

నేనే ఒక మాట కల్పించి 'ఉండిపొమ్మంటున్నారు' అని చేరవెయ్యొచ్చు. కానీ మామగారు ఆ దారి ముందే మూసేశారు. "వాడి మాట ఏదో, నువ్వు చక్కెర కలిపింది ఏదో నాకు తెలుస్తుందమ్మాయ్," అనేవారు.

ప్రయాణానికి ఆయన పెట్టిన షరతు ఒక్కటే. బండికి ఇంజిన్ ఆయిల్ మార్చాలి.

"దూరం వెళ్ళే ముందు మార్చాలి. అదీ ఇంట్లోనే మార్చాలి. ఆయిల్ మార్చడం రానివాడికి నేను స్టీరింగు ఇచ్చేవాణ్ణి కాదు. చెప్పు వాడికి."

"మెకానిక్ షాపుకి తీసుకెళ్తే గంటలో చేసిస్తారని చెప్పు."

"గంటలో చేసేవాడు బండి మొహం కూడా చూడడని చెప్పు."

అలా ఒక ఆదివారం పొద్దున, పోర్టికోలో, రేకుల మీద వాన టపటపలాడుతుండగా పని మొదలైంది. మామగారు బయటికి వస్తూ గుమ్మం చెక్కకి భుజం కొట్టుకుని, గుమ్మాన్నే తిట్టారు. ఎవరినో అడిగి తెచ్చిన రెండు ఇనప వాలుబల్లల మీదికి ముందు చక్రాలు ఎక్కించారు. వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టారు.

"ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కింద దూరేవాడికి పెళ్ళాం అక్కర్లేదన్నమాట," అన్నారు మామగారు నా వైపు చూసి. ఈ మాటని నేను అందించలేదు.

ఇంజిన్ కాసేపు తిప్పి ఆపారు. ఆయిల్ కాస్త వెచ్చబడితే పల్చబడి, అడుగున ఉన్న మడ్డితో సహా దిగుతుందట. మరీ వేడెక్కితే చెయ్యి కాలుతుందట. నేను పక్కన గొంతుక్కూర్చుని, ఇంజిన్ కింద ఆయిల్ నిలవుండే గిన్నె లాంటి భాగాన్ని ఛాంబర్ అంటారనీ, దాని అడుగున ఉన్న ఒక్క నట్టు విప్పితే ఆయిలంతా దిగిపోతుందనీ తెలుసుకుని మురిసిపోయాను. ఇన్నేళ్ళు ఆ కారులో తిరిగాను, దాని కడుపు కింద ఒక బొడ్డు ఉందని నాకు తెలియదు.

మా ఆయన వెల్లకిలా పడుకుని, తల వెనకవైపు పెట్టి కారు కిందకి జరిగాడు. మామగారు బండి ముందు స్టూలు మీద కూర్చున్నారు. నేను పక్కన.

"స్పానర్ పట్టిందా అని అడుగు."

"పట్టిందని చెప్పు."

"ఎడమకి లాగమను."

"ఎడమకి లాగమంటున్నారు," అన్నాను.

కింద నుంచి మూలుగు. "ఎవరి ఎడమ?"

"ఎవరి ఎడమ అంటున్నారు మామయ్యా."

"నా ఎడమ! ఇంకెవరి ఎడమ?"

నేను ఉన్నదున్నట్టు చేరవేశాను. "నా ఎడమట."

ఆ కారు చుట్టూ ముగ్గురం, మూడు ఎడమలు. మామగారు అన్న 'నా' మామగారిది. నా నోట్లో పడ్డాక ఆ 'నా' నాదైపోయింది. మా ఆయన తల వంచి, నేను ఎటు కూర్చున్నానో చూసుకుని, నా ఎడమ ఎటో లెక్క కట్టుకుని, రెండు చేతులతో బలమంతా పెట్టి లాగాడు. లాగిన కొద్దీ అది బిగుసుకుంది.

"రావట్లేదని చెప్పు."

"గట్టిగా లాగమను. అన్నం తినట్లేదా అని అడుగు."

ఆ రెండో ముక్క అడగక్కర్లేకపోయింది. కింద నుంచి పళ్ళు బిగబట్టిన శబ్దం, ఆ వెంటనే 'టక్' మని మరో శబ్దం వచ్చాయి. స్పానర్ ఉన్నట్టుండి తేలిగ్గా తిరిగింది. మా ఆయన సంతోషంగా "వదులైంది" అన్నాడు. మామగారి మొహం పాలిపోయింది. చెవితోనే తెలిసిపోయింది ఆయనకి.

"మరలు పోయాయి," అన్నారు మెల్లగా.

నట్టు అటూ తిరుగుతోంది, ఇటూ తిరుగుతోంది, ఎటూ పట్టడం లేదు. దాని అంచు నుంచి నల్లటి బొట్టు ఒకటి ఊరి, మా ఆయన చొక్కా మీద పడింది. ఇంకోటి. ఆ తర్వాత అది బొట్టుగా ఆగలేదు, ధార కట్టింది. ఆయిల్ పట్టడానికి తెచ్చిన టబ్బు అతని మోకాళ్ళ దగ్గరెక్కడో ఉంది.

"టబ్బు లాగరా!"

"ఎక్కడుంది?"

"నీ కాళ్ళ దగ్గర! నీ కుడికాలు పక్కన! లాగు, లాగు, ముఖం పక్కకి తిప్పుకో, కళ్ళలో పడుతుంది!"

"అందింది నాన్నా, అందింది."

నేను నోరు తెరిచే ఉన్నాను. నాకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆ ఇద్దరూ ఏం జరిగిందో గమనించలేదు. ఒకాయన ధార టబ్బులో పడుతోందా లేదా అని మెడ చాచి వెతుకుతున్నారు, ఇంకొకాయన నల్లటి చొక్కాతో పాక్కుంటూ బయటికి వస్తున్నాడు. నేను మాత్రం చెవుల మీద నమ్మకం లేనిదానిలా అలాగే కూర్చుండిపోయాను.

కడుపులో నవ్వు ఆపుకుంటూ టబ్బులో ఒక వేలు ముంచి చూశాను. నల్లగా, పల్చగా ఉంది. వేళ్ళ మధ్య రుద్దితే ఎక్కడో సన్నటి గరుకు తగిలింది.

"ఆ గరుకు ఏంటి మామయ్యా?"

"ఇంజిన్ అరిగిన ముక్కలమ్మా. ఎంత మంచి ఆయిల్ పోసినా లోపల రాపిడి ఉంటుంది. ఆ చెత్తనంతా అది మోస్తుంది, అందుకే నల్లబడేది," అన్నారు. అంత చికాకులోనూ ఆయన ప్రశ్నకి జవాబు ఎగ్గొట్టలేదు.

కొత్త ఛాంబర్ వెయ్యాలన్నారు. బండి పాతది, ఆ ముక్క వేరే ఊరి నుంచి రావాలి. ప్రయాణం వాయిదా పడింది. నేను బాధపడుతున్నట్టు మొహం పెట్టాను.

తర్వాతి వారాల్లో మా ఇంట్లో ఒక విచిత్రమైన పద్ధతి వచ్చింది. పోర్టికోలో కారు దగ్గర ఇద్దరూ మామూలుగా మాట్లాడుకునేవాళ్ళు. "ఆ బోల్టు వరస మర్చిపోకు," "సరే," "గుడ్డ ఇలా ఇవ్వు." గుమ్మం దాటి ఇంట్లోకి రాగానే మళ్ళీ నేను. "ఉప్పు అందించమనమ్మాయ్." కారుకి సంబంధించినంత వరకే సంధి అన్నమాట. ఒకసారి ఊరికే పరీక్షగా, "ఆ ముక్క ఎప్పుడొస్తుందో?" అని భోజనాల దగ్గర అన్నాను. మా ఆయన తండ్రి వైపు తిరిగి "శుక్రవారం అంటున్నారు" అన్నాడు. అనేసి, తప్పు చేసినవాడిలా నా వైపు తిరిగి, "శుక్రవారమని చెప్పు" అన్నాడు. మామగారు కంచంలోకి చూస్తూ మీసాల చాటున నవ్వుకోవడం నేను చూశాను.

ఈలోగా వదిన మళ్ళీ ఫోన్ చేసింది, గదికి సున్నం వేయించిందట. మామగారు తన బట్టలు సర్దుకుని పెట్టె మంచం పక్కన పెట్టుకున్నారు. ముక్క వచ్చింది. పని దగ్గర పడిన కొద్దీ మా ఆయన మాట మళ్ళీ తగ్గింది. ఛాంబర్ బిగించారు, కొత్త నట్టు కొత్త వాషరుతో పట్టించారు. ఈసారి 'ఎడమ' అన్న మాట ఎవరూ వాడలేదు. "గోడవైపు", "గేటువైపు" అనుకున్నారు. మిగిలింది ఆయిల్‌ని వడకట్టే ఫిల్టరు మార్చి, కొత్త ఆయిల్ పొయ్యడం.

"ఫిల్టరు నేను బిగిస్తా," అన్నారు మామగారు. "దాన్ని స్పానర్‌తో కాదు, చేత్తో బిగించాలి. ఎంత బిగువన్నది చేతికే తెలియాలి."

"నువ్వు కిందకి దూరతావా నాన్నా?"

"ఏం, నేను పట్టనా?"

ఇద్దరూ దూరారు. రెండు జతల కాళ్ళు పక్కపక్కన బయటికి కనిపిస్తున్నాయి. నేను కొత్త ఫిల్టరు అంచున ఉన్న రబ్బరు చుట్టుకి వేలితో కాస్త కొత్త ఆయిల్ రాస్తూ వంగి లోపలికి చూస్తున్నాను. కొత్త ఆయిల్ ఎంత తేటగా ఉందంటే దాంట్లోంచి నా గోరు కనబడుతోంది.

పాత ఫిల్టరు విప్పి మామగారు నాకు అందించారు. అది కూర్చునే చోటుని గుడ్డతో చుట్టూ తుడిచారు.

"పాత రబ్బరు అక్కడే అతుక్కుని ఉండిపోతుంది ఒక్కోసారి. దాని మీదే కొత్తది బిగించావనుకో, రోడ్డు మీద ఆయిలంతా చిమ్మేసి ఇంజిన్ పట్టేస్తుంది," అని నాకు పాఠం చెబుతూ టార్చి వేసి చూశారు. "లేదు. శుభ్రంగా ఉంది. ఇవ్వమ్మా కొత్తది."

నేను చేతిలో ఉన్న పాత ఫిల్టరు చూశాను. దాని అంచున రబ్బరు లేదు.

చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే మా ఆయన తల తిప్పి పైకి చూస్తున్నాడు. టార్చి వెలుగులో నాక్కూడా కనబడింది. నల్లటి రబ్బరు చుట్టు, ఇనుముకి కరుచుకుని, ఒక పక్క కాస్త లేచి ఉంది. టార్చి దాని మీదే ఉంది. మామగారి చూపు దాని పక్క నుంచి పోతోంది.

మా ఆయన చెయ్యి చాపి, తండ్రి చేతి చూపుడువేలు పట్టుకుని, మెల్లగా తీసుకెళ్ళి ఆ లేచిన అంచు మీద ఆనించాడు.

"ఇక్కడ ఇంకాస్త తుడవాలేమో చూడు నాన్నా."

వేలు అక్కడ ఆగింది. తర్వాత ఆ చుట్టు వెంబడే మెల్లగా ఒక ప్రదక్షిణ చేసి, మొదలైన చోటికి వచ్చింది.

"నీకు ఎంతసేపటి నుంచి కనబడుతోందిరా ఇది?"

"ఇప్పుడే."

"అబద్ధం."

మా ఆయన టార్చి అందుకున్నాడు.

"ఆ రోజు కూడా ఇలా చెప్పి ఉంటే అయిపోయేది కదరా," అన్నారు మామగారు. ఆయన గొంతు కోపంగా లేదు. "పోయి స్కూలు ఓనరుకి చెప్పావు. మా నాన్నకి పక్కచూపు పోతోంది, బండిలో కూర్చోబెట్టకండి అని. మర్నాడు ఆయన నా చేతిలోంచి తాళాలు తీసుకుంటూ చెబితే తెలిసింది నాకు. నా కళ్ళ సంగతి ఊళ్ళోవాడు చెప్పాడు నాకు."

"ముందు నీకే చెప్పాను నాన్నా."

"ఏం చెప్పావు? 'అద్దాలు మార్చాలి' అన్నావు."

మా ఆయన అన్నాడు, "నాకు నోరు రాలేదు. షాపులో అందరికీ చెప్తాను, మీకు ఇంతే చూపు మిగిలింది అని. నీకు చెప్పలేకపోయాను. నువ్వేమో మర్నాడు కూడా పొద్దున్నే బండి తీశావు. పక్కసీట్లో నేర్చుకునే పిల్లలు. నాకేం చెయ్యాలో తోచలేదు."

ఇన్నేళ్ళుగా నేను అందరినీ అడిగి అడిగి వేసారిపోయిన సంగతి అదీ. తెలిస్తే గెలిచినట్టు ఉంటుందనుకున్నాను. తీరా తెలిశాక, చేతిలో ఫిల్టరుతో, ఏడుపొచ్చింది. చుక్కల సీసాలో మిగతా సగం జవాబు అది. గ్లాసు కోసం తల తిప్పడం దర్పం కాదు. గుమ్మం తప్పు చెయ్యలేదు.

"గోరుతో లాగు నాన్నా, వచ్చేస్తుంది," అన్నాడు మా ఆయన.

రబ్బరు చుట్టు ఊడి వచ్చింది. మామగారు దాన్ని చేతిలో పట్టుకుని ఒకసారి నలిపి, పక్కన పెట్టారు. కొత్త ఫిల్టరు తీసుకుని, తానే తిప్పి బిగించారు. మా ఆయన టార్చి పట్టుకున్నాడు.

పైనుంచి ఆయిల్ నేను పోశాను. మొదటిసారి కదా, గరాటు పక్కన కూడా కాస్త పోశాను. ఇంజిన్ తిప్పారు. ముగ్గురం వంగి కింద చూశాం. ఒక్క బొట్టు కూడా లేదు. ఆపి, కాసేపు ఆగి, కొలిచే పుల్ల తీసి చూశాడు మా ఆయన. సరిగ్గా గీత దగ్గర ఉంది. తండ్రికి చూపించబోయి, ఆయన ఎదుటికి వచ్చి నిలబడి చూపించాడు.

"బాగుంది," అన్నారు మామగారు. "ఇక ఎప్పుడంటే అప్పుడు బయల్దేరొచ్చు."

మా ఆయన ఆ పుల్లని గుడ్డతో తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. నా వైపు చూశాడు. నేను చచ్చినా సాయం చెయ్యదల్చుకోలేదు, కుళాయి దగ్గరకి పోయి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాను.

"వెళ్ళకు నాన్నా," అన్నాడు వెనక నుంచి.

నేను కుళాయి కట్టేశాను, వినబడదేమోనని. మామగారు గుడ్డ మడిచి బానెట్ మీద పెట్టారు. "అమ్మాయ్, నా ఫోన్ ఇలా తే," అన్నారు.

తెచ్చిచ్చాను. ఆయన వదినకి చేశారు. అవతల ఆవిడ ఎప్పుడు బయల్దేరుతున్నారని అడుగుతున్నట్టుంది.

"రావట్లేదు తల్లీ. గది ఎవరికైనా ఇచ్చెయ్... కాదు, బండి బాగానే ఉంది. నాకే బాగాలేదు... కంగారు పడకు, విను. నాకు కళ్ళు సరిగ్గా కనబడవమ్మా. ఎదురుగా ఉన్నది కనబడుతుంది, పక్కన ఉన్నది కనబడదు. చాలాకాలమైంది... లేదు, ఎవరికీ చెప్పలేదు. ఇదే చెప్పడం." ఫోన్ రెండో చెవికి మార్చుకున్నారు. "నువ్వు చూస్తావు, కాదనట్లేదు. కానీ నన్ను చూసేవాడు ఇక్కడున్నాడు. ఇదుగో, వాడితో మాట్లాడు."

అని ఫోన్ చాపారు. బానెట్‌కి అవతలగా, ఎవరూ లేని వైపుకి చాపారు. మా ఆయన ఆయన పక్కనే, భుజానికి భుజం ఆనేంత దగ్గరలో నిలబడి ఉన్నాడు. "ఇక్కడున్నా" అనలేదు. బండి చుట్టూ తిరిగి వెళ్ళి, ఆ చాపిన చెయ్యి ఎదుట నిలబడి, ఫోన్ అందుకున్నాడు.